మందుపాతరలు: సంధి తేదీ, సాగు తేదీ

మన చరిత్ర పుస్తకాలలో ప్రతి యుద్ధానికీ రెండు తేదీలుంటాయి. ఒకటి యుద్ధం మొదలయిన తేదీ, రెండోది సంధి జరిగిన తేదీ. పరీక్షలో ఈ రెండూ తప్పులేకుండా రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు పడతాయి. చరిత్ర పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నేనూ అలాగే మార్కులు వేస్తూ వుంటాను. కాని ఈ తేదీలను నిర్ణయించేది ఎవరు? యుద్ధం ప్రకటించినవాళ్ళు, సంధి పత్రం మీద సంతకం పెట్టినవాళ్ళు. ఆ యుద్ధం ఎవరి పొలాలలో జరిగిందో వాళ్ళను అడిగి తేదీ వేయటం మనకు అలవాటు లేదు. అడిగితే చాలా యుద్ధాల రెండో తేదీ మారిపోతుందని నా నమ్మకం. ఈ నమ్మకానికి ఆధారంగా మొజాంబిక్ దేశాన్ని తీసుకుంటాను.

ముందుగా మాట సంగతి చూద్దాం. మనం మందుపాతర అంటాం. పాతర అనేది రైతు మాట. జొన్నలో ధాన్యమో చెడిపోకుండా నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి దాచుకునే చోటు పాతర. కరువు వచ్చినప్పుడు ఇంటిల్లిపాదినీ కాపాడేది అదే. అదే నేలలో గింజలకు బదులు తుపాకి మందు దాస్తే మందుపాతర అయింది. రెండూ భవిష్యత్తుకోసం దాచేవే. ఒకటి రేపు బతకటానికి, రెండోది రేపు చంపటానికి. తుపాకి పేల్చేవాడు ఎదుటివాణ్ణి చూసి పేలుస్తాడు. మందుపాతరకు ఎదుటివాడెవడో తెలియదు. సిపాయి కాలికీ, నీళ్ళు తెచ్చుకునే ఆడమనిషి కాలికీ, మేకలు కాసే పిల్లవాడి కాలికీ దానికి తేడా లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, సంధి జరిగిందన్న వార్త దానికి ఎవరూ చెప్పలేరు.

మొజాంబిక్‌ను పాలించింది పోర్చుగల్. మన గోవాను 1961 డిసెంబరుదాకా పట్టుకుని వేళ్ళాడిన పోర్చుగలే. గోవాలో దాని పాలన ముగిసిన మూడేళ్ళకు, 1964 సెప్టెంబరు 25న, ఫ్రెలిమో నాయకత్వాన మొజాంబిక్‌లో సాయుధ విమోచన పోరాటం మొదలయింది. ఆ దేశపు మందుపాతరల చరిత్రకూ అప్పుడే మొదలు. పోర్చుగీసు సైన్యం ఉత్తర సరిహద్దున మందుపాతరలు పాతింది. జాంబెజీ నది మీద కడుతున్న కహోరా బాస్సా ఆనకట్టను కాపాడుకోవటానికి దాని చుట్టూ వలయంలాగా పాతింది. ఫ్రెలిమో గెరిల్లాలు కూడా పోర్చుగీసు లారీలు నడిచే రోడ్లమీద పాతారు. ఇది దాచవలసిన విషయం కాదు. బలహీనుడికి అందుబాటులో వున్న ఆయుధాలలో మందుపాతర ఒకటి.

1975 జూన్ 25న దేశం స్వతంత్రమయింది. సమోరా మషెల్ అధ్యక్షుడయాడు. పక్కనే వున్న రొడీషియా శ్వేత ప్రభుత్వానికి ఇది గిట్టలేదు. జింబాబ్వే గెరిల్లాలకు మొజాంబిక్ ఆశ్రయమిస్తున్నది గనక ఆ ప్రభుత్వం సరిహద్దు పొడుగునా మందుపాతరల పట్టీ వేసింది. అంతటితో ఆగక, రొడీషియా గూఢచారి శాఖ రెనామో అనే సాయుధ ముఠాను తయారుచేసి మొజాంబిక్ మీదికి వదిలింది. 1980లో రొడీషియా జింబాబ్వే అయ్యాక ఆ ముఠా పోషణను దక్షిణాఫ్రికా జాతివివక్ష ప్రభుత్వం స్వీకరించింది. 1984 మార్చిలో ఎన్‌కొమాటి ఒప్పందం మీద సంతకం పెట్టి కూడా రహస్యంగా ఆ పోషణ సాగించింది. రెనామో పల్లెల్ని, బడుల్ని, ఆసుపత్రుల్ని, రైలుమార్గాల్ని ధ్వంసం చేసింది. కాలిబాటల మీదా, పొలాల అంచులలోనూ మందుపాతరలు పాతింది. భూమినుంచి రైతును విడదీస్తే ప్రభుత్వం దానంతటదే కూలుతుందని దాని ఎత్తు.

ప్రభుత్వ సైన్యం ఏం చేసింది? అదీ పాతింది. వంతెనల పాదాల దగ్గరా, కరెంటు టవర్ల చుట్టూ, జిల్లా పట్టణాల చుట్టూ, సైనికులు విడిది చేసిన బడుల చుట్టూ పాతింది. ఆ పాతినవాటిలో ఎక్కువగా కనిపించినది పి.ఎం.ఎన్. అనే రకం. నల్ల రబ్బరు మూత, లోపల సుమారు 240 గ్రాముల టి.ఎన్.టి. అది సోవియట్ యూనియన్ తయారీ. అదే నేలలో దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ మందుపాతరలు, పోర్చుగీసువి, బెల్జియంవి, చైనావి కూడా దొరికాయి. భూమిపైన ఒకరి ముఖం ఒకరు చూడని రాజ్యాలు భూమి లోపల ఇరుగుపొరుగుగా పడుకున్నాయి.

ఇక్కడ మన పాఠకులలో కొందరికి ఒక ఆక్షేపణ తోచవచ్చు. ఆక్రమణదారు పాతిన మందుపాతరనూ, విప్లవ ప్రభుత్వం ఆత్మరక్షణకు పాతినదాన్నీ ఒకే గాటను కట్టటం న్యాయమా? ఈ ప్రశ్న నన్ను ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. యుద్ధానికి కారకులెవరు అన్న విచారణలో ఆ రెండింటినీ ఒకే గాటను కట్టటం ఎంతమాత్రం న్యాయం కాదు. రెనామోను పుట్టించినదీ పెంచినదీ శ్వేత దురహంకార ప్రభుత్వాలే అనటానికి సందేహించనక్కరలేదు. అయితే ఆయుధానికి తనదైన ఒక స్వభావం వుంటుంది. పాతినవాడి ఆశయం పాతిన రోజుతో సరి. ఆ తరువాత ఇరవై ఏళ్ళు అది నేలలో వుంటే, ఆ ఇరవై ఏళ్ళూ అది ఎవరి పక్షానా లేదు. మొజాంబిక్ జెండాలో ఒక పుస్తకం, దానిమీద అడ్డంగా ఒక తుపాకి, ఒక పార వుంటాయి. తుపాకి పారకు రక్షణ అని దాని భావం. జెండాలో చోటు దక్కని మందుపాతర మాత్రం పారకూ నేలకూ మధ్య చేరి కూచుంది. ఆ దేశంలో సొంత తిండికి పండించుకునే చిన్న కమతాన్ని మషాంబా అంటారు. దానిలో పార పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. విప్లవాన్ని ప్రేమించేవాడు ఆ ఆడవాళ్ళ వైపునుంచి కూడా ఈ సంగతి చూడక తప్పదు.

మషెల్ 1986 అక్టోబరులో విమాన ప్రమాదంలో మరణించాడు. జాతివివక్ష ప్రభుత్వం బలహీనపడ్డాక, 1992 అక్టోబరు 4న రోము నగరంలో అధ్యక్షుడు షిసానో, రెనామో నాయకుడు ధ్లకామా శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. పుస్తకాలలో ఇదే రెండో తేదీ. ఈ యుద్ధంలో సుమారు పది లక్షల మంది చనిపోయారని అంచనా. పదిహేను లక్షలకు పైగా జనం పొరుగు దేశాలకు కాందిశీకులై పోయారు. వాళ్ళలో ఎక్కువమందికి తలదాచుకోను చోటిచ్చింది మలావీ. దేశం లోపలే ఇళ్ళు వదిలిపోయినవాళ్ళు ఇంకా అనేక లక్షలు. సంధి వార్త విని వీళ్ళంతా ఇంటిదారి పట్టారు.

ఆ దారిలోనే మందుపాతరలున్నాయి. ఇన్నేళ్ళూ జనం లేక నిద్రపోతున్నవి జనం రాగానే పేలటం మొదలుపెట్టాయి. కాబట్టి మందుపాతర బాధితుడు యుద్ధంలో గాయపడ్డవాడనుకోవటం సగమే నిజం. అతను శాంతిని నమ్మి ఇంటికి తిరిగివచ్చినవాడు. కాలు పోయిన రైతు కుటుంబానికి పోయేది ఒక్క కాలు కాదు. రెండు చేతుల పని పోతుంది, అతన్ని చూసుకునే భార్య పని పోతుంది, బడికి పోవలసిన పిల్లవాడు పొలానికి పోతాడు. సమోరా భార్య గ్రాసా మషెల్ 1996లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదికలో యుద్ధాల వల్ల పిల్లలకు కలిగే హానిని గురించి రాస్తూ మందుపాతరలను ప్రత్యేకంగా పట్టించుకున్నది ఊరికే కాదు.

పేలినవాటికన్నా పేలనివాటి నష్టం మరీ పెద్దది. ఒక పొలంలో నిజంగా రెండే వుండవచ్చు, ఒకటీ లేకపోవచ్చు. కాని వున్నదన్న అనుమానం చాలు, పొలం బీడు పడుతుంది. బావి వుండీ జనం రెండు మైళ్ళు నడిచి వాగు నీళ్ళు తెచ్చుకుంటారు. మన పల్లెల్లో దున్నేవాడిదే భూమి అని పోరాడాం. మొజాంబిక్‌లో భూమి 1975లోనే జాతీయమయింది, జమీందారు లేడు. అయినా దున్నేవాడికి భూమి అందలేదు. లోపల దాగిన ఒక కొత్త జమీందారు శిస్తు కింద కాళ్ళడుగుతున్నాడు.

2001లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో 791 జనావాసాలు ఈ బెడదలో వున్నాయనీ, సుమారు 15 లక్షల మంది వాటి నీడన బతుకుతున్నారనీ తేలింది. అంతకుముందు దేశంలో ఇరవై లక్షల మందుపాతరలున్నాయని ఐక్యరాజ్యసమితి లెక్కగా ప్రచారమయింది. తీసేవాళ్ళు నేలమీద పని చేస్తున్నకొద్దీ అది చాలా ఎక్కువ లెక్క అని తెలిసింది. లెక్క ఎక్కువగా చెప్తే విరాళాలొస్తాయి, నిజమే. కాని ఆ లెక్క విన్న రైతు సురక్షితమైన పొలాన్ని కూడా వదిలేస్తాడు. పెద్ద అంకె కూడా మందుపాతరలాగే నేలను బీడు పెట్టగలదు.

తీసే పని ఎలా జరిగిందో తెలుసుకోవటం అవసరం. ముందు ఊళ్ళోవాళ్ళను కూచోబెట్టి అడుగుతారు: సైన్యం ఎక్కడ విడిది చేసింది, ఏ చెట్టుకింద ఆవు చచ్చింది, ఎవరి కాలు ఎక్కడ పోయింది. మామిడి చెట్ల నీడన సైనికులు దిగుతారు గనక మామిడి చెట్లను అనుమానిస్తారు. తరువాత మీటరు వెడల్పున దారి గీసుకుని, గడ్డి జాగ్రత్తగా కోసి, లోహాన్ని పసిగట్టే యంత్రంతో అంగుళమంగుళం చూస్తారు. యంత్రం కూత పెడితే మోకాళ్ళమీద కూచుని, పక్కనుంచి ఏటవాలుగా మట్టి తవ్వుతూ పోతారు. ఎక్కువసార్లు దొరికేది మేకో, తూటా డొల్లో. అయినా ప్రతి మేకునూ మందుపాతరే అనుకుని తవ్వాలి. రోజుకు ఒక మనిషి శుభ్రం చేసేది కొద్ది చదరపు మీటర్లు. మందుపాతర తయారీకి మూడు డాలర్లు చాలుననీ, దాన్ని తీయటానికి 300 నుంచి 1,000 డాలర్లదాకా అవుతుందనీ చెబుతూ వుంటారు. తీయటం చౌక కాకపోవటానికి కారణం ఇదే. పాతటం యంత్రం పని, తీయటం మనిషి పని.

ఒక్క మనిషే కాదు, ఎలకలు కూడా ఈ పనిలో దిగాయి. టాంజానియాలో మొరొగోరో దగ్గర ఆఫ్రికా పెద్ద ఎలకలకు టి.ఎన్.టి. వాసన పట్టటం నేర్పారు. మందుపాతర పేలేటంత బరువు వాటికి వుండదు. టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చూడగలవని వాటిని పెంచిన అపోపో సంస్థ చెబుతుంది. దక్షిణాన గాజా రాష్ట్రంలో అవి పనిచేశాయి. పంట తినే జీవి పొలాన్ని తిరిగి రైతుకు ఇప్పించటంలో ఒక చమత్కారం వుంది.

ఇక ఈ పని చేయించినవాళ్ళెవరు అన్నది మన పత్రిక పాఠకులకు ముఖ్యం. 1994లో ఐక్యరాజ్యసమితి సుమారు 2,000 కిలోమీటర్ల రోడ్లను శుభ్రం చేసే కంట్రాక్టును ఒక కంపెనీల కూటమికి ఇచ్చింది. లోన్రో, దక్షిణాఫ్రికా ఆయుధ పరిశ్రమకు చెందిన మెకెమ్, బ్రిటిష్ ఆయుధ సంస్థ రాయల్ ఆర్డ్‌నెన్స్ దానిలో వున్నాయి. ఆయుధ పరిశ్రమే మందుపాతరల వల్ల ఒకసారి, వాటిని తీయటం వల్ల రెండోసారి సంపాదించటమేమిటని ఆనాడే విమర్శలొచ్చాయి. ఇంటికి నిప్పు పెట్టినవాడి చుట్టాలకే ఆర్పే కూలి దక్కింది.

మరో ఉదాహరణ ఇంత సూటిగా లేదు. మొజాంబిక్‌లో అందరికన్నా ఎక్కువ పని చేసినది హేలో ట్రస్టు అనే బ్రిటిష్ సంస్థ. దీన్ని 1988లో స్థాపించినవాళ్ళలో ఒకడు కాలిన్ మిచెల్. 1967లో ఏడెన్‌లో జాతీయ విమోచన శక్తుల చేతిలోకి పోయిన క్రేటర్ ప్రాంతాన్ని బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున తిరిగి ఆక్రమించిన సైనికాధికారి ఇతనే. ఇది చూపి ఆ సంస్థ పనిని తోసిపుచ్చటం సులభం. నేను తోసిపుచ్చను. ఆ సంస్థ మొజాంబిక్‌లో తీసినవి 1,71,000 పైచిలుకు. వాటిని మోకాళ్ళమీద కూచుని తీసినది కాలిన్ మిచెల్ కాదు, మొజాంబిక్ స్త్రీపురుషులు. డబ్బు బయటినుంచి వచ్చింది, ప్రాణాలకు తెగించినవాళ్ళు ఆ దేశపు శ్రామికులు. సంస్థ చరిత్ర రాసేటప్పుడు వ్యవస్థాపకుల పేర్లు రాస్తారు. ఆ నేల చరిత్ర రాసేటప్పుడు ఈ కూలీలను రాయాలి.

పని ఒక ప్రణాళిక ప్రకారం జరగకపోవటం వల్ల నష్టం జరిగిన మాట కూడా చెప్పుకోవాలి. తొలి సంవత్సరాలలో దాతల ఇష్టాన్నిబట్టి ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ప్రాంతం ఎంచుకున్నది. చియొవెల్లి, మైకలోపౌలోస్, పాపాయొవాన్ను అనే ఆర్థికశాస్త్రజ్ఞులు మొజాంబిక్‌లో మందుపాతరలు తీసిన వేలాది చోట్ల వివరాలనూ, ఆకాశంనుంచి తీసిన రాత్రి దీపాల ఫోటోలనూ కలిపి పరిశీలించారు. రైలుమార్గాలను, రోడ్లను, సంతలను శుభ్రం చేసినచోట ఆ ఒక్క వూరే కాక దూరపు వూళ్ళు కూడా బాగుపడ్డాయనీ, వాటికి ముందు ప్రాధాన్యం ఇచ్చివుంటే దేశం ఇంకా త్వరగా కోలుకునేదనీ తేల్చారు. బొగ్గుగనుల మొఆటిజ్‌ను బెయిరా రేవుతో కలిపే సేనా రైలుమార్గం ఇందుకు నిదర్శనం. యుద్ధంలో 1980లలో మూతపడిన ఆ దారిని పునర్నిర్మించే పని 2004లో మన దేశపు రైట్స్, ఇర్కాన్ సంస్థలకు అప్పగించారు. పట్టాలు వేయటానికి ముందు పట్టాల పక్క నేలను మందుపాతరలు ఏరేవాళ్ళు చూసి పెట్టవలసివచ్చింది. ప్రణాళిక అనే మాట వింటే ముఖం చిట్లించేవాళ్ళు ఈ పరిశోధన చదవటం మంచిది.

2007లో ఉత్తరాన నాలుగు రాష్ట్రాల్లో పని ముగిసింది. 1997 డిసెంబరులో ఒట్టావాలో కుదిరిన మందుపాతరల నిషేధ ఒప్పందం ప్రకారం మొజాంబిక్ 2009కల్లా పని ముగించాలి, గడువు పొడిగించుకోవలసివచ్చింది. ఆఖరిది మధ్య ప్రాంతంలో ఒక రైలు వంతెన పాదాల దగ్గర దొరికింది. 2015 సెప్టెంబరు 17న మొజాంబిక్ తన నేలమీద తెలిసిన మందుపాతరలేవీ లేవని ప్రకటించింది. యుద్ధం పదహారేళ్ళు సాగింది. అది పాతిపెట్టి పోయినదాన్ని ఏరివేయటానికి దాదాపు ఇరవై మూడేళ్ళు పట్టింది. సంధి నాడు పుట్టిన పిల్ల, నిర్భయంగా పొలంలో అడుగుపెట్టేనాటికి తల్లి కాగల వయసుకు వచ్చింది.

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పలేం. 2017 అక్టోబరులో ఉత్తరాన కాబో డెల్గాడోలో మళ్ళీ సాయుధ ఘర్షణ మొదలయి, లక్షలాది మంది మళ్ళీ ఇళ్ళు వదిలారు. 2025లో లాత్వియా, లిథువేనియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలండ్ రష్యా భయాన్ని కారణంగా చూపి ఒట్టావా ఒప్పందం నుంచి తప్పుకోవటానికి నోటీసులిచ్చాయి. అమెరికా, రష్యా, చైనా దానిలో ఏనాడూ చేరలేదు. మన దేశమూ చేరలేదు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తరువాత మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దు వెంట లక్షల సంఖ్యలో మందుపాతరలు పాతింది. పంజాబు, రాజస్థాను రైతుల సాగుభూములు వాటి కింద పోయాయి. ఆ యుద్ధం జరగనేలేదు. జరగని యుద్ధానికి కూడా కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఇంకా దగ్గరికి వస్తే, మన తెలుగు పత్రికలలో మందుపాతర అన్న మాట అడవులలోని సాయుధ పోరాటాల వార్తలతోనే ఎక్కువగా వినిపిస్తూ వచ్చింది. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు అడవిలో కట్టెలకోసం పోయిన ఒక పేదవాడు పోలీసులకోసం పాతినదాన్ని తొక్కి చనిపోయాడు. ఏ పేదవాడి పేరిట ఆయుధం పట్టారో ఆ పేదవాడే దాన్ని తొక్కాడు. రాజ్యహింసను ఖండించే మనం ఈ మాట అనటానికి నోరు దాచుకుంటే, మొజాంబిక్ నేల చెప్పిన పాఠం మనకు అందలేదన్నమాట.

ఆ పాఠం నా ఉద్దేశ్యంలో ఇది. యుద్ధాన్ని ఎవరు ఎందుకు చేశారన్నది చరిత్రకు మొదటి ప్రశ్న. దానిలో పక్షం వహించక తప్పదు. కాని ఆ యుద్ధం ఎవరి పొలంలో ఎన్నాళ్ళు మిగిలివున్నదన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి జవాబు తెలుసుగదా అని రెండోదాన్ని వదిలేస్తే మనం రాసేది విజేతల చరిత్రే అవుతుంది. ఆ విజేతలు మనవాళ్ళే అయినా సరే. ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన చిన్నది. యుద్ధాల పట్టికలో రెండు గడులున్నాయి. మూడో గడి ఒకటి గీయించండి. దానికి సాగు తేదీ అని పేరు పెట్టండి: ఆ నేలమీద రైతు భయం లేకుండా పార వేసిన రోజు. మొజాంబిక్ ఎదుట 2015 అని రాయవచ్చు. పక్కనున్న జింబాబ్వే ఎదుట, ఆనాడు రొడీషియా సైన్యం వేసిన పట్టీని ఆ ఏటికి ఇంకా ఏరుతూనే వున్నారు గనక, ఖాళీ వదలవలసివచ్చేది. ఖాళీ గడులు ఎన్ని వున్నాయో పిల్లలు లెక్క పెడితే, ప్రపంచంలో ఇంకా ఎన్ని యుద్ధాలు నడుస్తున్నాయో వాళ్ళకు మనం వేరే చెప్పనక్కరలేదు.